రేపు మళ్ళీ కనపడని మనిషితో బేరం

విశాఖ పూర్ణా మార్కెట్‌లో చేపల దగ్గర ఓ పావుగంట నిలబడి చూస్తే బేరం అంటే ఏంటో మొత్తం అక్కడే కనిపిస్తుంది. చందువా రేటు వినగానే "అమ్మో, అంతేటి" అనడం, మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడటం, పక్క తట్ట వైపు ఓ చూపు వెయ్యడం, "ప్రతి ఆదివారం నీ దగ్గరేగా తీసుకెళ్తాను" అని గుర్తుచెయ్యడం, చివరికి ఓ రేటు దగ్గర తెగ్గొట్టి నాలుగు రొయ్యలు కొసరు వేయించుకుని వెళ్ళిపోవడం. ఇంత చక్కగా బేరమాడే మనిషే బ్యాంకాక్‌లో చతుచక్ మార్కెట్‌కి వెళ్ళి ఓ హ్యాండ్‌బ్యాగ్ ముందు నిలబడితే నోరు పెగలదు, చెప్పినంత ఇచ్చేసి వచ్చేస్తారు. లేదంటే ఎవరో చెప్పారు కదా అని ఏకంగా నాలుగో వంతుకి అడిగేస్తారు, అవతలి మనిషి మొహం తిప్పేసుకుంటే చిన్నబుచ్చుకుని బయటికొచ్చేస్తారు. చూడటానికి ఇవి రెండూ వేర్వేరు తప్పుల్లా ఉంటాయి గానీ వెనకున్న కారణం ఒక్కటే.

భాష రాకపోవడం మాత్రం ఆ కారణం కాదు. ఆగ్నేయాసియా మార్కెట్లలో బేరం సగం కాలిక్యులేటర్ మీదే నడుస్తుంది, షాపు మనిషి ఓ నంబరు నొక్కి చూపిస్తారు, మనం చెరిపేసి మన నంబరు నొక్కుతాం, అంతే, మాటతో పనే లేదు. అసలు తేడా ఏంటంటే మన ఊళ్ళో బేరం రేపటి మీద నిలబడి ఉంటుంది. చేపలమ్మకి ఈ రోజు నలభై రూపాయలు ఎక్కువ లాగడం కన్నా వచ్చే ఆదివారం మనం మళ్ళీ రావడం ముఖ్యం, మనకి కూడా ఆవిడ మెత్తబడిన చేప అంటగట్టకుండా ఉండటం ముఖ్యం, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ ఓ హద్దులో ఉంటారు. ఎయిర్‌పోర్ట్ దాటాక ఆ రేపు ఉండదు. వాళ్ళకి మనం మళ్ళీ కనపడం, మనకి వాళ్ళు కనపడరు. ఇంట్లో నమ్మకం చేసిపెట్టే పని మొత్తం అక్కడ ఇంకేదో చెయ్యాలి, ఆ ఇంకేదో అంటే రేట్ల గురించిన సమాచారం. విదేశంలో బేరం నేర్చుకోవడం అంటే చాలావరకు ఇదే, మాటకారితనం పాత్ర చాలా చిన్నది.

ఇది ఊరికే అనుకునే మాట కాదు. క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త మొరాకోలో సెఫ్రూ అనే ఊరి బజారుని దగ్గరుండి గమనించి 1978లో ఓ వ్యాసం రాశాడు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఏంటంటే బజారులో అన్నిటికన్నా కరువైన సరుకు సమాచారమే, ఏది నాణ్యం, ఏది ఎంతకి పడింది, ఇవాళ ఎవరి దగ్గర స్టాకు మిగిలిపోయింది అన్నవి అందరికీ సమానంగా తెలియవు, అందుకే జనం రెండు పనులు చేస్తారు. ఒకటి, తిరిగి తిరిగి చివరికి ఎవరో ఒకరికి వాడుకదారులైపోతారు. రెండు, బేరమాడతారు. ఆ బేరంలో కూడా రెండు రకాలున్నాయి, పది షాపుల్లో పైపైన అడిగి చూసుకోవడం ఒకటి, ఒకే షాపులో కూర్చుని లోతుగా తవ్వడం ఇంకోటి, గట్టి బేరం జరిగేది ఎక్కువగా రెండోదాంట్లో, అదీ తెలిసినవాళ్ళ మధ్య. మనవాళ్ళు విదేశంలో చేసే పొరపాటు సరిగ్గా ఇక్కడే పడుతుంది, మొదటి రకం చెయ్యకుండానే రెండోదాంట్లోకి దూకేస్తారు, అంటే మొదటి షాపులోనే కూర్చుని వాదన పెట్టేసుకుంటారు.

సమాచారానికీ బేరానికీ ఉన్న ఈ లింకు చూడటానికి మొరాకో దాకా వెళ్ళక్కర్లేదు కూడా. రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి కదా, ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్తే ముందు కనిపించేది రేట్ల బోర్డు, టమాటా ఇంత వంకాయ ఇంత అని, ఇక బేరానికి చోటెక్కడ, కాయ ఏరుకోవడం దగ్గరే మన తెలివంతా. దీనికి పూర్తి రివర్స్ పాత పశువుల సంతలు, అక్కడ దళారులు తువాలు కప్పుకుని దాని కింద వేళ్ళు పట్టుకుని రేటు చెప్పుకునేవాళ్ళు, పక్కన నిలబడినోడికి ఎద్దు ఎంతకి పోయిందో తెలియకూడదు, తెలిస్తే తర్వాతి బేరం పాడైపోతుంది. గల్ఫ్‌లో ముత్యాల వ్యాపారులు కూడా అచ్చం ఇలాగే గుడ్డ కింద చేతులతో బేరమాడేవాళ్ళు. బోర్డు పెట్టిన చోట బేరం ఉండదు, తువాలు కప్పిన చోట బేరమే ఉంటుంది. చతుచక్, హో చి మిన్ సిటీలో బెన్ థాన్, ఇస్తాంబుల్‌లో గ్రాండ్ బజార్, ఇవన్నీ ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటాయి, ఏది ఎక్కడుందో ముందు పోల్చుకోవాలి.

చతుచక్ సంగతే చూద్దాం, ఎందుకంటే 2023 చివర్లో థాయ్‌లాండ్, మలేషియా రెండూ మనకి వీసా అవసరం తీసేశాక, 2024లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కీ కౌలాలంపూర్‌కీ నేరుగా ఫ్లైట్లు మొదలయ్యాక, వైజాగ్ కుటుంబాలు చాలామందికి విదేశీ బజారు అంటే ముందు గుర్తొచ్చేది అదే. శని ఆదివారాల్లో పూర్తిగా నడుస్తుంది, 15 వేలకు పైగా స్టాళ్ళు, 27 సెక్షన్లు. ఇంత పెద్ద చోట మన పూర్ణా మార్కెట్ టెక్నిక్ ఒకటి పనిచెయ్యదు, "సరేలే, అటు తిరిగి చూసొస్తా" అని వెళ్ళిపోవడం. ఎందుకంటే నిజంగానే మళ్ళీ ఆ షాపు దొరకదు, ఓ రెండు సందులు తిరిగేసరికి అన్నీ ఒకలాగే ఉంటాయి. అందుకే నచ్చినదాని దగ్గర సెక్షన్ నంబరు, సోయి నంబరు (సోయి అంటే అక్కడ సందు) ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. ఇది చిన్న పనే గానీ దీంతో వెళ్ళిపోతానన్న మాటకి బలం వస్తుంది, తిరిగొచ్చే దారి తెలిసిన మనిషే ధైర్యంగా వెళ్ళిపోగలడు. ఇంకోటి, చతుచక్‌లో మొదటి రేటు మరీ ఆకాశానికి ఎత్తి చెప్పడం తక్కువ, తగ్గేది కూడా తక్కువే, అక్కడ సగానికి అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. బట్టలకైతే బ్యాంకాక్‌లోనే ఉన్న ప్రతునామ్ మార్కెట్ వైపు వెళ్ళాలి, అక్కడ బేరం సూత్రమే వేరు, మూడు పీసులు పైన తీసుకుంటే హోల్‌సేల్ రేటు అని చాలా షాపుల్లో బోర్డే ఉంటుంది, అంటే తగ్గించమని బతిమాలక్కర్లేదు, ముగ్గురు కలిసి ఒకే షాపులో తీసుకుంటే చాలు.

ఇక ఈ "సగానికి అడుగు" అనే సలహా గురించి కాస్త గట్టిగానే మాట్లాడుకోవాలి, ఎందుకంటే టూర్ బస్సుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే. అందరూ సగానికి అడుగుతారని షాపు మనిషికి తెలిసిన రోజు నుంచి ఆ మనిషి చేసే మొదటి పని రేటు రెట్టింపు చెప్పడం. కొన్ని చోట్ల రెట్టింపు, కొన్ని చోట్ల మూడు రెట్లు, కొన్ని చోట్ల పది శాతమే పెంచి చెప్తారు. ఈ మూడిటికీ ఒకే సూత్రం వాడితే ఒక చోట బాగా మోసపోతాం, ఇంకో చోట ఓ నిజాయితీగల మనిషిని అవమానించినట్టవుతుంది. ఈ రెండోది నిజంగా బాధ కలిగించే విషయం, తన చేత్తో కుట్టిన పర్సుని న్యాయమైన రేటుకి పెట్టుకున్న ముసలావిడ దగ్గర సగానికి సగం అడిగితే ఆవిడకి అది బేరంలా వినిపించదు.

సగం అనే లెక్కలో ఇంకో చిక్కుంది. సగం దేంట్లో సగం? వాళ్ళు చెప్పినదాంట్లో. అంటే మన లెక్క మొత్తం వాళ్ళ నంబరు చుట్టూ తిరుగుతున్నట్టే కదా. 1974లో ట్వెర్స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ ప్రయోగం గురించి రాశారు, జనం ముందు ఓ చక్రం తిప్పారు, అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేటట్టు ముందే చేసిపెట్టారు, తర్వాత ఐక్యరాజ్యసమితి దేశాల్లో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం ఉంటాయి అని అడిగారు. చక్రానికీ ప్రశ్నకీ ఏ సంబంధం లేదు, అయినా 10 చూసినవాళ్ళ జవాబులు 25 చుట్టూ, 65 చూసినవాళ్ళవి 45 చుట్టూ వచ్చాయి. సంబంధం లేని చక్రమే మనిషిని ఇంత లాగేస్తే, ఎదురుగా నిలబడి నవ్వుతూ "ఫర్ యూ స్పెషల్ ప్రైస్" అని చెప్పిన నంబరు ఎంత లాగుతుందో ఊహించుకోవచ్చు. దీనికి మందు ఒక్కటే, వాళ్ళ రేటు వినకముందే మన రేటు అనుకోవడం. ఆ వస్తువు చేతిలోకి తీసుకుని, ఇది మన జగదాంబ జంక్షన్‌లో కనిపిస్తే ఎంత పెట్టి కొంటాం అని రూపాయల్లో అనుకుని, ఆ నంబరు ఫోన్‌లో టైప్ చేసి పెట్టుకుని, అప్పుడు ధర అడగాలి. ఐదు సెకన్ల పని, బేరం మొత్తంలో ఇంత లాభం ఉన్న పని ఇంకోటి లేదు.

రూపాయల్లో అనడానికి కారణం ఉంది. వియత్నాం డాంగ్ రూపాయికి సుమారు 300 వస్తాయి, సున్నాలు చూస్తే తల తిరుగుతుంది, అందుకే అక్కడ మాటల్లో వెయ్యిని మింగేస్తారు, "నైన్ హండ్రెడ్" అన్నారంటే తొమ్మిది లక్షల డాంగ్, అంటే మనకి దాదాపు మూడు వేల రూపాయలు. పైగా 20 వేల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలం రంగులోనే ఉంటాయి, ఒకటి అరవై డెబ్భై రూపాయలు, ఇంకోటి పదహారు వందలు దాటుతుంది, సాయంత్రం లైట్ల వెలుతురులో బేరం గెలిచేసిన సంతోషంలో ఒకదానికి బదులు ఒకటి ఇచ్చేస్తే గెలిచిందంతా పోయినట్టే. పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకోవడం, ఇవ్వబోయే డబ్బు ముందే విడిగా తీసుకోవడం మంచిది.

బెన్ థాన్ ఉదాహరణతోనే బేరం ఎలా చదవాలో చూద్దాం, ఈ నంబర్లు ఊహించుకున్నవే గానీ తీరు మాత్రం ఎక్కడైనా ఇంతే. ఓ బ్యాగ్ 900 అన్నారు. మనం 500 అంటే అటూ ఇటూ జరిగి చివరికి 700 దగ్గర తెగే ఛాన్సు ఎక్కువ, 300 అని మొదలుపెడితే 600 దగ్గర. ఎందుకో మనుషులకి మధ్యలో కలవడం న్యాయంగా అనిపిస్తుంది, కాబట్టి మన మొదటి నంబరే చివరి రేటుని సగం రాసేస్తుంది. అలాగని యాభై అంటే బేరమే ఉండదు. ఆ తర్వాత చూడాల్సింది వాళ్ళు ఎంతకి తగ్గారన్నది ఒక్కటే కాదు, తగ్గే అడుగు సైజు కూడా చూడాలి. 900 నుంచి 700, అక్కణ్ణించి 620, తర్వాత 590, తర్వాత 580. మొదటి అడుగు రెండొందలు, తర్వాత ఎనభై, ముప్పై, పది. అడుగులు ఇలా చిన్నవైపోతున్నాయంటే నేల దగ్గరపడింది అని అర్థం, మన దగ్గర "నాకే పడలేదు బాబూ ఆ రేటుకి" అనే మాట వచ్చే చోటు అదే. అక్కడ ఇంకో పది కోసం పట్టుబడితే ముప్పై రూపాయల కోసం పది నిమిషాలూ ఒక మనిషి మనసూ ఖర్చుపెట్టినట్టు, ఆపెయ్యాలి. అదే 900, 700, 500 అని ఒకే సైజు అడుగులు పడుతుంటే ఇంకా లోతు చాలా ఉంది.

వెళ్ళిపోవడం కూడా సమాచారం కోసమే, అలక కోసం కాదు. నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచారంటే మనం అడిగిన రేటు వాళ్ళకి గిట్టుబాటే అని తెలిసింది. పిలవలేదంటే గిట్టదని తెలిసింది, ఇప్పుడు అసలు రేటు మన నంబరుకి పైనే ఎక్కడో ఉందని ఖాయమైంది, పక్క షాపులో ఆ లెక్కతో మొదలుపెట్టొచ్చు, లేదా అదే షాపుకి తిరిగెళ్ళి "సరే ఇవ్వండి" అనొచ్చు. ఈ తిరిగెళ్ళడాన్ని మనవాళ్ళు నామోషీగా అనుకుంటారు, పూర్ణా మార్కెట్‌లో రోజుకి పదిసార్లు చేసే పనే కదా, అక్కడ లేని నామోషీ ఇక్కడెందుకు.

ఇక్కడిదాకా సమాచారం లెక్క. కానీ బజారు లెక్కలతోనే నడవదు, నమ్మకాలతో కూడా నడుస్తుంది, ఆ నమ్మకాల్లో ఒకటి మనకి పుట్టినప్పటి నుంచి తెలిసిందే. బోణీ. పొద్దున్నే మొదటి బేరం డబ్బులు కళ్ళకద్దుకుని, త్రాసుకి తాకించి, అప్పుడు పెట్టెలో వేసుకోవడం ఇక్కడ చూడని వాళ్ళుండరు. వియత్నాంలో దీన్ని మో హాంగ్ అంటారు, సరుకు తెరవడం అని అర్థం. టర్కీలో సిఫ్తా అంటారు, అది కూడా తెరవడం అనే అరబ్బీ మాట నుంచే వచ్చింది. బాలిలో, థాయ్‌లాండ్‌లో మొదటి అమ్మకం నోటుతో మిగిలిన సరుకుల మీద టపటపా తాకిస్తూ వెళ్ళే షాపువాళ్ళు కనిపిస్తారు, ఆ అదృష్టం మిగతావాటికి కూడా అంటుకోవాలని. ఇన్ని వేల కిలోమీటర్ల దూరంలో ఇదే నమ్మకం ఇదే చేతి కదలికతో కనిపించడం చూస్తే నిజంగా ఒళ్ళు పులకరిస్తుంది. ప్రయాణికుడికి దీంట్లో లాభం ఉంది, పొద్దున్న షాపు తీసిన కొత్తలో మొదటి గిరాకీని వదులుకోవడం వాళ్ళకి ఇష్టం ఉండదు కాబట్టి రేటు తొందరగా దిగుతుంది. దాంతో పాటు బాధ్యత కూడా ఉంది. వియత్నాంలో మొదటి గిరాకీ గంటసేపు బేరమాడి కొనకుండా పోతే ఆ రోజంతా పాడవుతుందని కొంతమంది కాగితం వెలిగించి షాపు ముందు తిప్పి ఆ దిష్టి పోగొట్టుకుంటారు. కాబట్టి పొద్దున్నే ఊరికే రేట్లు కనుక్కుందాం అని బయల్దేరకూడదు. కనుక్కునే తిరుగుడు మధ్యాహ్నం పెట్టుకోవాలి, కొందామని గట్టిగా అనుకున్నది పొద్దున్నే వెళ్ళి కొనాలి.

కొసరు కూడా అంతే, ప్రపంచమంతా ఉంది. పెరూ, బొలీవియా మార్కెట్లలో దాన్ని యాపా అంటారు, అక్కడి కెచువా భాషలో కలపడం అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది, మెక్సికోలో పిలోన్ అంటారు. రేటు నేలని తాకేసిన తర్వాత కూడా బేరం అయిపోలేదు అని గుర్తుచేసేది కొసరే. దీని వెనక లెక్క చాలా బాగుంటుంది, షాపు మనిషి ఓ కీచైన్ ఊరికే ఇస్తే వాళ్ళకి పోయేది హోల్‌సేల్ రేటు, మనకి మిగిలేది రిటైల్ రేటు, అంటే అదే విలువ నోట్ల రూపంలో తగ్గించడం కన్నా వస్తువు రూపంలో ఇవ్వడం వాళ్ళకి తేలిక. అందుకే "ఇంకో ఇరవై తగ్గించు" దగ్గర బిగుసుకుపోయిన మనిషి "అయితే ఆ చిన్న పర్సు కలుపు" అంటే ఒప్పేసుకుంటారు. మనవాళ్ళకి ఇది రక్తంలో ఉన్న విద్య, ఎందుకో విదేశంలో అడగడం మర్చిపోతారు.

గ్రాండ్ బజార్ లాంటి చోట్ల టీ విషయం తెలిసుండాలి. ఇస్తాంబుల్‌ని ఆటోమన్లు 1453లో గెలిచిన రెండు మూడేళ్ళలోనే కట్టడం మొదలైన బజారు అది, పైకప్పు కింద అరవై దాకా వీధులు, నాలుగు వేల దాకా షాపులు, ఆదివారం సెలవు. తివాచీ షాపులోకి వెళ్తే కూర్చోబెట్టి చిన్న గాజు గ్లాసులో టీ ఇస్తారు, తివాచీలు ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోతారు. ఆ టీ అక్కడి మర్యాద, తాగినంత మాత్రాన కొనాలని రూలేం లేదు. కానీ మనం ఇంటికొచ్చిన వాళ్ళకి కాఫీ ఇచ్చే జాతి కదా, తాగేశాక ఖాళీ చేతుల్తో లేవడానికి మనసొప్పదు, దానికి తోడు ఆ మనిషి ఇరవై తివాచీలు మోశాడే అని జాలి. కొనే ఉద్దేశం లేకపోతే కూర్చోక ముందే చెప్పెయ్యడం ఇద్దరికీ మంచిది.

బంగారం దగ్గరకొస్తే కథ మారిపోతుంది, ఇక్కడ వన్‌టౌన్ కురుపాం మార్కెట్‌లో నగలు కొన్న అనుభవం ఉన్నవాళ్ళకి దుబాయ్ డేరా గోల్డ్ సూక్ ఏమంత కొత్త కాదు. గ్రాము రేటు ఆ రోజుది ఖాయంగా ఉంటుంది, దాని మీద బేరం లేదు, బేరమంతా మజూరీ మీద. ఇక్కడ తరుగు, మజూరీ అని విడివిడిగా అడిగి తగ్గించుకునే ఇల్లాళ్ళు అక్కడ మొత్తం బిల్లు మీద "కొంచెం తగ్గించండి" అంటారు, అలా కాదు, తూకం ఎంత, గ్రాము రేటు ఎంత, మజూరీ ఎంత అని మూడూ విడగొట్టి చెప్పించుకోవాలి. యూఏఈలో 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది, అది కలిపి చెప్తున్నారా కలపకుండానా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. బంగారంలో సమాచారం అంతా బయటే ఉంటుంది, అడిగే ఓపిక ఉంటే చాలు.

గుంపుగా వెళ్ళినప్పుడు మనవాళ్ళు చేసే పని ఒకటుంది, పన్నెండు మంది ఒకే షాపులోకి వెళ్ళి ఎవరికి వాళ్ళు విడివిడిగా బేరమాడతారు. తర్వాత బస్సులో "నాకు నూట యాభైకి ఇచ్చాడు", "అయ్యో వదినా, నేను రెండొందలు పెట్టానే" అని మొదలు, ఆ వదినగారి రోజు మొత్తం ఖరాబు. పన్నెండు మంది అంటే చిన్న హోల్‌సేల్ ఆర్డర్, ఒక్కళ్ళు మాట్లాడాలి, మిగతావాళ్ళు ఏ రంగు కావాలో మాత్రం చెప్పాలి, "ఎంత బాగుందో" అని గట్టిగా అనకూడదు. తెలుగులో మాట్లాడుకుంటే వాళ్ళకి అర్థం కాదులే అనే ధీమా కూడా అన్ని చోట్లా పనికిరాదు, మలేషియాకి ఒకప్పుడు మన ఉత్తరాంధ్ర నుంచే ఎంతోమంది తోటల్లో పనికి వెళ్ళి స్థిరపడ్డారు, వాళ్ళ మనవలు మునిమనవలు ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. పరాయి ఊళ్ళో షాపు లోపల్నుంచి ఎవరైనా తెలుగులో పలకరిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, ఆ ఆనందం ముందు బేరం ఎంత.

గైడ్ తీసుకెళ్ళిన షాపుల్లో బేరం ఆడినా పెద్దగా ఒరగదు, అక్కడి రేట్లో కమిషన్ కలిసి ఉంటుంది, నేలే ఎత్తులో ఉంటుంది. బ్యాంకాక్‌లో ఇంకాస్త జాగ్రత్త కావాలి, "ఈ రోజు గ్రాండ్ ప్యాలెస్ మూసేశారు, నేను వేరే గుళ్ళు చూపిస్తా" అని చవగ్గా టుక్‌టుక్ ఎక్కించుకుని రత్నాల షాపుకి తీసుకెళ్ళే మోసం దశాబ్దాలుగా నడుస్తోంది. ప్యాలెస్ మూశారో లేదో గేటు దాకా వెళ్ళి చూసుకోవాలి, ఏదైనా తేడా వస్తే టూరిస్ట్ పోలీస్ నంబరు 1155.

బేరం ఆడకూడని చోట్లు కూడా తెలియాలి. జపాన్‌లో మామూలు షాపుల్లో అడగరు, అడిగితే వాళ్ళు ఇబ్బంది పడతారు. దీనికి చాలా పాత చరిత్ర ఉంది, 1673లో మిత్సుయి తకతోషి ఇప్పటి టోక్యోలో ఎచిగోయా అనే బట్టల షాపు పెట్టి, అప్పు లేదు, బేరం లేదు, అందరికీ ఒకే రేటు అని చెప్పి అమ్మాడు, అప్పటికి అది కొత్త సంగతి. ఐరోపాలో ఆ పద్ధతి బాగా పేరు తెచ్చుకుంది 1852 తర్వాత, పారిస్‌లో బాన్ మార్షే షాపుతో. సింగపూర్ లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్‌కి వెళ్ళే మనవాళ్ళు కూడా గమనించే ఉంటారు, అక్కడ ట్యాగ్ మీదున్నదే రేటు. తినే బళ్ళ దగ్గర, ఫుడ్ కోర్టుల్లో ఏ దేశంలోనూ బేరం పెట్టుకోవద్దు. ఇంకో అలవాటు కూడా ఇక్కడే వదిలెయ్యాలి, ప్యాకెట్ తిప్పి ఎంఆర్‌పీ వెతకడం. మన దగ్గర అది 1990లో వచ్చిన రూలు, చాలా దేశాల్లో అసలు అలాంటిది ఉండదు, ఒకే నీళ్ళ బాటిల్ బీచ్ దగ్గర ఒక రేటు, వెనక సందులో ఇంకో రేటు, దాన్ని మోసం అనలేం.

నాలుగు మాటలు మాత్రం నేర్చుకుని వెళ్తే బాగుంటుంది, రేటు తగ్గడం అటుంచి ముందు మనిషి మొహం విప్పారుతుంది. ఇండోనేషియాలో "బరాపా" అంటే ఎంత, "బోలే కురాంగ్" అంటే తగ్గించొచ్చా. థాయ్‌లో "లోట్ దాయ్ మయ్" అంటే తగ్గుతుందా. టర్కీలో "నే కదర్" అంటే ఎంత. ఉచ్చారణ తప్పినా పర్లేదు, నవ్వుతూ అంటే చాలు. గొంతు పెంచడం, వస్తువుని వంకపెట్టి కింద పడేసినట్టు పెట్టడం థాయ్‌లాండ్‌లో అస్సలు చెయ్యకూడదు, మన దగ్గర "ఈ వంకాయలు ముదిరిపోయాయి" అని తిట్టి కొనడం ఓ సరదా గానీ అక్కడ అది ఆ మనిషి పరువు తీసినట్టు, బేరం అక్కడితో ముగిసిపోతుంది.

మళ్ళీ మొదటి సంగతికే వస్తే, విదేశీ బజారులో రేపు లేదు అన్నాం. పూర్తిగా లేకుండా కూడా లేదు, కొంచెం కష్టపడితే చిన్న రేపు ఒకటి తయారు చేసుకోవచ్చు. ఓ ఊళ్ళో నాలుగు రోజులు ఉంటున్నప్పుడు బస చేసిన చోటికి దగ్గర్లో ఒకే పళ్ళ బండి దగ్గర రోజూ కొనడం, బహుమతులన్నీ పది షాపుల్లో ఒక్కొక్కటి కాకుండా మొదటి రోజు ఒకటి చిన్నది కొని నచ్చితే మూడో రోజు మిగతావన్నీ అక్కడే తీసుకోవడం, మొదటి రోజే "ఎల్లుండి మళ్ళీ వస్తాం, ఇంట్లో వాళ్ళందరికీ కావాలి" అని చెప్పడం, చెప్పినట్టే వెళ్ళడం. మొదటి రోజు బేరం మీద గట్టిగా పట్టుబట్టక్కర్లేదు, ఆ ఒక్క వస్తువు మీద వంద రూపాయలు ఎక్కువ పోయినా పర్లేదు. మూడో రోజు ఆ షాపావిడ మనల్ని చూడగానే గుర్తుపట్టి స్టూలు లాగి వేస్తుంది, కాలిక్యులేటర్ మీద ఈసారి నొక్కే మొదటి నంబరు మొన్నటి మొదటి నంబరు కన్నా తక్కువుంటుంది, కింద అరలో దాచిన మంచి రకం బయటికి తీస్తుంది, సంచిలో చివర్లో అడగకుండానే ఓ చిన్నది కలుపుతుంది.